కన్నెమ్మ పెట్టె

ఆ బుధవారం సాయంత్రం భాగ్యం వచ్చేసరికి జయంతి అరుగు మీద ఒక్కతే కూర్చుని కనకాంబరాలు కడుతోంది. కాబోయే వియ్యపురాలు చెప్పాపెట్టకుండా వచ్చిందని వాళ్ళమ్మ పంకజం కంగారుపడి, పాలు పొయ్యి మీద పెట్టి, చీర మార్చుకోవడానికి లోపలికి పరుగెత్తింది. అవ్వ మీనాంబాళ్ వెనక గదిలో కునుకు తీస్తోంది. నాయన రఘునాథన్ కరెంటాఫీసు నుంచి ఇంకా రాలేదు. పుదుచ్చేరి ముత్యాలపేటలోని ఆ ఇంట్లో పెళ్ళి మాట నడుస్తున్నది పెద్దకూతురు నిర్మలకు. ఆమె సేదరపేట్‌లో మందుసీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ వేళకు ఇంకా పనిలోనే ఉంది.

"నిశ్చయం చీరకు రవిక కుట్టించాల పాపా. కొలతకు మీ అక్క పాత రవిక ఒకటి కావాల. దానికే వచ్చినాను," అంటూ భాగ్యం సంచి పక్కన పెట్టి జయంతి దగ్గరే కూర్చుంది.

జయంతి లేచి లోపలికి పోబోయింది. పదిహేడేళ్ళు వచ్చినా, ఇంటికి ఎవరు వచ్చినా తలుపు చాటుకు జరిగే పిల్ల అది. ఇంట్లో ఏ మాటైనా ముందు నిర్మలను అడుగుతారు. జయంతిని అడిగేది ఉప్పు డబ్బా ఎక్కడుందని మాత్రమే. భాగ్యం ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కట్టిన పూలలోంచి ఒక జానెడు తుంచి తనే ఆమె జడలో పెట్టింది.

"ఇంత బాగా కడతావు, నీ తలలో ఒక్క పువ్వు లేదే! ఈ ఇంట్లో అందరూ పెద్దదాన్నే చూస్తా ఉండారా ఏంది?"

ఎవరికీ చెప్పని మాట ఎవరో పైకి అనేసినట్లయింది జయంతికి. నవ్వింది.

"అక్క ఎన్నింటికి వస్తాది?"

"ఏడవతాది అత్తా. కంపెనీ బస్సు మణికూండు గడియారం కాడ దించుతాది."

"అంత పనిచేసి వచ్చేవాళ్ళకు ఆదివారమన్నా సరదా ఉండాల. యాడికీ పోదా?"

"పోతాది. పోయిన ఆదివారం బీచ్ రోడ్డులో చూసినాను. రాళ్ళ మీద కూర్చోని ఉండె."

"ఒకతేనా?"

భాగ్యం కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె ముందుకు వంగింది. జయంతి మాటను ఒకరు ముందుకు వంగి వినడం అదే మొదటిసారి. చెబితే ఇంకా వింటుందనిపించింది.

"పక్కన ఒకాయన ఉండె అత్తా. ఆయన ఏడస్తా ఉండె. అక్క చేతిరుమాలు ఇచ్చినాది."

అంతే చెప్పింది. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ రాళ్ళ మీద ఉన్నది ఇద్దరు కాదు, ముగ్గురు. ఆ ఇద్దరి మధ్యలో మలర్ కూర్చుని ఉంది. మలర్ నిర్మలతో పనిచేసే పిల్ల. మిషన్‌లో కుడిచెయ్యి పడి రెండు వేళ్ళు నలిగిపోతే మోచేతి దాకా కట్టు కట్టించుకుని ఉంది. ఏడ్చింది ఆమె అన్న చంద్రన్. కంపెనీకి ఇవ్వవలసిన అర్జీని మోకాలి మీద పెట్టుకుని రాస్తూ రాస్తూ ఏడ్చాడు. ఇదంతా జయంతికి తెలుసు. ఆ తెల్లటి కట్టు దూరం నుంచే కనబడింది. అయినా మలర్ పేరు నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పేరు చెప్పేస్తే కథ అక్కడితో అయిపోతుంది, భాగ్యం మళ్ళీ వెనక్కి వాలిపోతుంది.

పంకజం కాఫీ తెచ్చింది. భాగ్యం తాగి, రవికను సంచిలో పెట్టుకుని, ఎప్పటికన్నా తియ్యగా నవ్వి వెళ్ళిపోయింది.

శనివారం ఫోను వచ్చింది.

ఆ ఫోనులో భాగ్యం గొంతు పెంచలేదు. నిందించనూ లేదు. "మాకేం అనుమానం లేదు వదినా. మా అబ్బాయి ముకుందన్‌కు మీ పాపంటే ప్రాణం. కానీ చూసినోళ్ళు చెప్పినారు, ఊర్లో నలుగురికి నేను జవాబు చెప్పాల గదా. టౌన్లో లేడీ డాక్టర్లు ఉండారు. పాప కన్నెపిల్లే అని ఒక కాగితం రాయించేయండి, సరిపోతాది. అంతవరకు కన్నెమ్మ పెట్టె మాత్రం ముట్టనీకండి. తల్లి ఊరుకోదు," అంది.

కన్నెమ్మ పెట్టె అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. తరాల కిందట ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన ఆ తెలుగు కుటుంబంలో, నూరేళ్ళకు ముందు అన్నమ్మాళ్ అనే పిల్ల పెళ్ళి కాకుండానే చనిపోయిందట. అప్పటినుంచి ఆమె ఇంటి దేవత. అటక మీద ఒక వెదురుపెట్టె ఉంటుంది. అందులో చిన్న ఎర్రపావడ, గాజులు, దువ్వెన, అద్దం. ఏటా తమిళుల ఆషాఢమైన ఆడి మాసంలో ఒక శుక్రవారం ఆ పెట్టెను దించి, పాత పావడ తీసి కొత్త పావడ పెడతారు. బొరుగులు, బెల్లం నైవేద్యం. ఆ పావడ మార్చేది పెళ్ళి కాని ఆడపిల్లే కావాలి. తొమ్మిదేళ్ళుగా ఆ పని నిర్మలది. పెళ్ళి కుదిరిన ఏడు ఆ పిల్ల చివరిసారిగా పావడ మార్చి, పాతదాన్ని తన తర్వాతి పిల్ల చేతిలో పెడుతుంది. ఆ అందుకోవడం కోసం జయంతి ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఎదురుచూస్తోంది.

పంకజం ఫోను పెట్టేసి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం నిర్మల పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా చెప్పింది.

"ఒక్క నిమిషం పనంట నిర్మలా. సూది వేయించుకున్నట్లు అనుకో."

"ఏం చూస్తారంట మా?"

"నువ్వు మంచిదానివని."

"అది ఒంట్లో యాడ రాసుంటాది?"

పంకజం కూతురి చెయ్యి పట్టుకుంది. "నిశ్చయం నిలిచిపోతే బజార్లో ఎట్ట తలెత్తుకోని తిరగాల? నాకోసం రా," అని ఏడ్చింది. రఘునాథన్ కూతురి వైపు చూడలేక పేపరు వైపు చూస్తూ, "సోమవారం కాదు, ఆ పై సోమవారం లీవు పెడతాను. ఆటోలో పోయి ఆటోలో వచ్చేద్దాం, ఎవురికీ తెలియదు," అన్నాడు. ఎవరికీ తెలియకుండా తీసుకుపోయి, ఊరంతటికీ చూపించడానికి కాగితం తేవాలన్నమాట. ఆ మాటలోని వింత ఆయనకు తోచలేదు.

నిర్మల తువ్వాలుతో పాదాలు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"నన్ను చూసింది ఎవురంట?"

"ఎవురో. పేరు చెప్పలేదు."

తలుపు చాటున జయంతి గోడకు వీపు ఆనించి నిలబడింది. అక్కడినుంచి అయిదడుగులు వేస్తే చాలు. నేనే చెప్పాను, మలరక్క కూడా ఉంది అంటే చాలు. ఆమె ఆ చాటునే ఉండిపోయింది.

ఆ రాత్రి ఆమె డైరీ తెరిచి తారీఖు వేసింది. 'నేను చూసింది' అని రాసి ఆపింది. కిందటి పేజీలో తన రాతే ఉంది: 'అత్త నాకు పూలు పెట్టింది. చాలాసేపు మాట్లాడాము.' ఆ పేజీ చింపేయాలనుకుంది గాని, చింపినా జరిగింది పోదని తెలుసు.

అన్నిటికన్నా కష్టమైనది అక్క మంచితనం. సోమవారం పొద్దున పనికి పోతూ నిర్మల ఎర్రగుడ్డ పొట్లం తెచ్చి జయంతి ఒళ్ళో పెట్టింది. తనే రాత్రుళ్ళు కుట్టిన కొత్త పావడ.

"ఈ ఏడు నువ్వే పెట్టు జయా. బొందు ముడి గట్టిగా లాగొద్దు, బట్ట పాతబడితే చిరుగుతాది. పై పావడ మాత్రం తియ్యి. అడుగున ఉండేది కదిలించొద్దు."

"అక్కా..."

"ఏంది?"

"ఏం లేదు."

మణికూండు దగ్గర బస్సు హారను వినబడింది. నిర్మల చెప్పులు వేసుకుని పరుగెత్తింది.

మంగళవారం ఫ్రెంచి ట్యూషను. తిలగం టీచరు ప్రభుత్వ పాఠశాలలో ముప్పయ్యేళ్ళు ఫ్రెంచి చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు రోజూ సైకిలు మీద ఫ్రెంచి వీధులున్న వైట్ టౌన్‌కు పోయి పుస్తకాలు తెచ్చుకుని చదువుకుంటుంది. ఇంట్లో వాళ్ళదీ తెలుగే. ఆ రోజు పాఠంలో మనిషి అడుగు పెట్టని అడవి గురించి ఒక వాక్యం వచ్చింది. ఆ అడవికి వాడిన మాట 'వియెర్జ్'. జయంతి ఆ మాట కింద పెన్సిలుతో గీసి, తల ఎత్తకుండా అడిగింది.

"టీచర్, ఇది ఆడపిల్లలకు చెప్పే మాట గదా?"

"అడవికీ చెప్తారు, రాయని కాగితానికీ చెప్తారు. మన కన్నె అన్నట్లే. ఏం?"

"కన్నె అంటే... నిజంగా ఏంది టీచర్?"

టీచరు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పిల్లల నోట ఈ ప్రశ్న ఊరికే రాదని ఆమెకు తెలుసు.

"మీ నాయన పోయినేడు మొదటిసారి శబరిమలకు మాల వేసుకున్నాడు గదా. గుళ్ళో ఆయన్ను ఏమని పిలిచినారు?"

"కన్నెస్వామి."

"యాభై రెండేళ్ళు, ఇద్దరు బిడ్డల తండ్రి. ఆయన్ను ఎవురన్నా డాక్టరు కాగితం అడిగినారా?"

జయంతి పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"చూడు పాపా. సంస్కృతంలో కన్య అంటే పిల్ల, చిన్నది. అంతే. పొద్దున్నే తలుచుకోమని పెద్దలు చెప్పే పంచకన్యలు ఐదుగురూ పెళ్ళయినోళ్ళే. రోము వాళ్ళ లాటిన్లో ఈ ఫ్రెంచి మాటకు తల్లిమాట ఉండాది. దానికీ మొదట్లో ఈడొచ్చిన ఆడపిల్ల అనే అర్థం. వయసుకు పెట్టిన పేరు అది. రానురాను పెళ్ళికూతురు ఎవురి సొత్తు, పుట్టే బిడ్డ ఎవురిది అని కాపలా కాసుకునే రోజులు వచ్చినాయి. అప్పుడు ఆ మాటను తీసుకోనిపోయి ఆడదాని ఒంటికి తగిలించినారు. మగోడికి తగిలించను ఒక మాట కూడా కనిపెట్టలేదు."

"మరి డాక్టర్లు చూసి చెప్తారంటారే?"

"చెప్పలేరు. ఏ ఒంటిలోనూ దానికి గుర్తు లేదు. ఒకరి ఒళ్ళు ఒకరి మాదిరి ఉండదు. ఆ పరీక్షకు అర్థం లేదు, చేయడమే తప్పు అని ప్రపంచంలో పెద్ద పెద్ద వైద్యులే తేల్చేసినారు. అయినా ఎవురో అడుగుతారు, ఇంకెవురో భయపడి పోతారు, రాసిచ్చేవాళ్ళు రాసిస్తారు." టీచరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "ఎవురి కోసం అడుగుతా ఉండావు జయంతీ?"

"ఊరికే, టీచర్."

"సరే. ఊరికే అడిగినా, ఒకటి గుర్తు పెట్టుకో. ఆ మాటతో ఎవురినైనా కొడతా ఉంటే, పక్కన నిలబడి చూసేవాళ్ళూ ఆ దెబ్బలో పాలు పంచుకున్నట్లే."

ఇంటికి నడిచి వస్తుంటే ఎండ మొహం మీద పడుతోంది. పక్కన నిలబడి చూడటం కాదు, కొట్టడానికి కర్ర అందించింది తనేనని జయంతికి తెలుసు. గురువారమూ గడిచిపోయింది. ఆమె చెప్పలేదు. సిగ్గరి పిల్లలకు మౌనం ఎంత సులువో, ఆ మౌనం ఎంత కీడు చేయగలదో ఆ ఆరు రోజుల్లో ఆమెకు తెలిసివచ్చింది.

శుక్రవారం వచ్చింది. ఆడి గాలికి వాకిట్లో వేపాకులు రాలుతున్నాయి. రఘునాథన్ స్టూలెక్కి వెదురుపెట్టెను దించాడు. పంకజం పసుపు రాసిన పీట మీద దాన్ని పెట్టింది. భాగ్యం కూడా వచ్చింది. పిలవలేదు గాని, వస్తుందని అందరూ అనుకున్నదే. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేని అవ్వ మీనాంబాళ్ పెట్టెకు ఎదురుగా కుర్చీ వేయించుకుంది. నిర్మల ఆ రోజు సెలవు పెట్టి కూడా వంటింటి గడప దగ్గరే నిలబడింది. తొమ్మిదేళ్ళుగా ఆ పీట ముందు కూర్చున్న మనిషి గడప దాటలేదు.

"కూర్చో జయా," అంది పంకజం.

జయంతి కూర్చుంది. తలకు నూనె పెట్టి స్నానం చేయించారు. జడనిండా కనకాంబరాలు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి కోరుకున్న చోటు అది. మూత తీయగానే పాత పావడ, ఎండిన పూల వాసన. అక్క పోయినేడు కుట్టిన చిన్న చిన్న కుట్లు కనబడ్డాయి. జయంతి పావడ మీంచి చెయ్యి తీసేసింది.

"ముగ్గురుండారు," అంది.

"ఏంది పాపా? గట్టిగా చెప్పు," అంది అవ్వ.

"బీచ్ రోడ్డులో. ఇద్దరు కాదు అవ్వా, ముగ్గురుండారు. మధ్యలో మలరక్క కూర్చోని ఉండె, చేతికి కట్టుతో. ఏడ్చింది మలరక్క వాళ్ళన్న. అత్తకు చెప్పింది నేనే. మలరక్కను వదిలేసి చెప్పినాను."

పంకజం చెయ్యెత్తింది. గడప దగ్గరున్న నిర్మల ఎప్పుడు వచ్చిందో, తల్లి చేతిని గాలిలోనే పట్టుకుంది. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు.

భాగ్యం గొంతు సవరించుకుంది. "పోనీలే వదినా. పిల్ల తెలీక చెప్పినాది. నా మనసుకు ఇప్పుడు చల్లగా ఉండాది. కానీ మాట ఊర్లో పడిపోయినాదే! ఆ కాగితం ఒకటి ఉంటే ఎవురి నోరైనా మూయొచ్చు."

జయంతి నివ్వెరపోయింది. నిజం చెబితే అంతా ఆగిపోతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. అది ఆగలేదు.

"మేము ఇద్దరమే కూర్చోని ఉంటే అత్తా?" అంది నిర్మల నెమ్మదిగా. "మలర్ రాకుండా ఉంటే? అప్పుడు నేను వేరే మనిషినా?"

అవ్వ కుర్చీలో ముందుకు జరిగింది.

"జయా, ఆ పావడ తీసెయ్యి. కింద తెల్లగుడ్డ మూట ఉంటాది. దాన్ని తీసి విప్పు."

"అమ్మా, అది కదిలించకూడదు గదా," అన్నాడు రఘునాథన్.

"కదిలించకూడదని చెప్పింది నేనే. విప్పమంటా ఉండేదీ నేనే."

జయంతి మూట విప్పింది. పాలు తాగే బిడ్డ కాలికి వేసే వెండి కడియాలు రెండు, అరచేతిలో ఇమిడేవి. ఒక్కొక్కదానికి మూడు గజ్జెలు. విప్పుతుంటేనే గలగలమన్నాయి.

"ఇవి మీ ముత్తాతవి," అంది అవ్వ. "నా మామగారివి. ఆయన్ను కన్న తల్లి పేరు అన్నమ్మాళ్."

పంకజం పీట పక్కన కూర్చుని ఆ కడియాలను ముట్టి చూసింది.

"నేను ఈ ఇంటికి వచ్చిన మూడో ఏడు మా అత్త నాకు చెప్పినాది. పెళ్ళి కుదిరిన పిల్లకు కడుపని తెలిసినాది. పెళ్ళి నిలిచిపోయినాది. ఎవుడని అందరూ ఆమెను అడిగినారంట గాని, వాణ్ణి వెతికినోడు ఒకడూ లేడు. వెనకింట్లో పెట్టి తాళం వేసినారు. నొప్పులు వచ్చినప్పుడు మంత్రసానిని పిలిస్తే వీధికి తెలుస్తాదని పిలవలేదు. ఆసుపత్రి పిలిచినంత దూరంలో ఉండె, తీసుకోనిపోలేదు. బిడ్డ బతికినాడు, తల్లి తొమ్మిదో రోజు పోయినాది. బిడ్డను ఆమె అన్నా వదినా తమ బిడ్డే అని పెంచినారు. అన్నమ్మాళ్ వాళ్ళమ్మ ఈ కడియాలు పెట్టెలో పెట్టినాది, తల్లి కాడ బిడ్డ వస్తువు ఒకటన్నా ఉండాలని."

అవ్వ పెట్టె వైపు చూస్తూ మళ్ళీ అందుకుంది.

"ఆ తర్వాత ఇంట్లో పిల్లలకు జ్వరాలు వస్తే, పంట పోతే, అన్నమ్మాళ్ కోపమని భయపడినారు. కన్నె అని పేరు పెట్టి, పావడ కుట్టి, దండం పెట్టినారు. బతికినప్పుడు ఆ పేరు లేదని చంపినారు, చచ్చినాక ఆ పేరే పెట్టి మొక్కినారు. యాభై ఏళ్ళుగా ఇది తెలిసి నోరు మూసుకోని ఉండాను నేను. శనివారం ఆ ఫోను వచ్చినప్పుడు కూడా మూసుకునే ఉండాను. ఈ చిన్నపిల్ల తన తప్పు నలుగురిలో చెప్పినాది. నాకు డెబ్బై ఆరేళ్ళు వచ్చినా చెప్పను ధైర్యం చాలలేదు."

ఆమె చెయ్యి చాచింది. జయంతి కడియాలు ఆ చేతిలో పెట్టింది. అవ్వ వాటిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, తిప్పి చూసి, నుదురు చిట్లించింది.

"ఏంది ఇది? నూరేళ్ళ వెండి. నల్లగా మసి మాదిరి ఉండాల. ఇంత తళతళా..."

"ఏటా నేనే తోముతా ఉండాను అవ్వా," అంది నిర్మల.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మొదటి ఏడే చూసినాను. పదిహేనేళ్ళప్పుడు. పావడ తీస్తా ఉంటే గజ్జె మోగినాది. కథ తెలీదు గాని, ఇది కన్నతల్లి పెట్టె అని తెలిసినాది. ఎవురితో చెప్పినా దీన్ని పారేస్తారని చెప్పలేదు. విబూదితో తోమి, మళ్ళీ మూట కట్టి పెట్టేదాన్ని."

అవ్వ ఏడ్చింది. వయసు మళ్ళినవాళ్ళు ఏడ్చినట్లు, చప్పుడు లేకుండా, చాలాసేపు.

నిర్మల భాగ్యం వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడింది. గొంతులో మర్యాద తగ్గలేదు. "అత్తా, ఆ కాగితం నేను తేను. అడిగిన ఇంటికి నేను రాను. ముకుందన్‌తో కూడా ఇదే చెప్పండి. లేదంటే నేనే చెప్తాను."

భాగ్యం తల వంచుకుని సంచి పట్టీని వేళ్ళకు చుట్టుకుంటోంది. "నన్నూ చూసినారు," అంది హఠాత్తుగా, ఎవరితోనో అన్నట్లు. "నా పెళ్ళికి ముందు. మా అత్తా, ఇంకొక ముసలామె. తలుపు వేసి. ఆ గది గోడ రంగు కూడా నాకు గుర్తుండాది. ముప్పయ్యేళ్ళయినాది, అది తప్పని ఎవురూ నాకు చెప్పలేదు. అట్టనే ఉంటాదేమో అనుకున్నాను."

పంకజం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. భాగ్యం లేచింది. ఆమె సంచిలో, మడత పెట్టిన నిర్మల పాత రవిక ఉంది. కాగితం ఇవ్వము అంటే తిరిగి ఇచ్చేసి పోవాలని తెచ్చినది. అది జయంతికి కనబడింది. భాగ్యం దాన్ని బయటికి తీయలేదు. బొరుగులు ఒక పిడికెడు కొంగున కట్టుకుని, "ఇంట్లో మాట్లాడతాను," అని మాత్రం చెప్పి, సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఏం మాట్లాడుతుందో ఆ పూట ఎవరికీ తెలియదు.

"రఘూ," అంది అవ్వ కళ్ళు తుడుచుకుని. "సోమవారం లీవు పెట్టినావు గదా."

"రద్దు చేస్తాను మా."

"ఎందుకు రద్దు? ఆ మలర్ పాపకు చేతికట్టు మార్పించాల. ఆటోలో పెద్దాసుపత్రికి పిలుచుకోని పో. పదిమందీ చూసేటట్లు పో."

రఘునాథన్ తల ఊపాడు. అప్పుడు మొదటిసారి, శనివారం తర్వాత మొదటిసారి, పెద్దకూతురి మొహంలోకి చూశాడు. తను దించిన పెట్టెను తనే సరిగ్గా జరిపి, "నువ్వు కూర్చో మా," అన్నాడు నిర్మలతో.

నిర్మల కూర్చుంది. కొత్త పావడ పరిచింది. కడియాలను ఈసారి అడుగున దాచలేదు, పావడ మీదే పెట్టింది. పాత పావడను మడిచి చేతిలో పట్టుకుని, పక్కనున్న జయంతి వైపు ఇన్నిటి తర్వాత ఇప్పుడు చూసింది.

"మలర్ చెయ్యి నీకు కనపడలేదా?"

"కనపడింది."

"మరి ఎందుకు వదిలేసినావు?"

"అత్త నా మాట వింటా ఉండె అక్కా. ఆపితే మళ్ళీ ఎవురూ వినరనిపించినాది."

నిర్మల క్షమించానని అనలేదు. పాత పావడను చెల్లెలి ఒళ్ళో పెట్టి, "ఆదివారం మలర్ కాడికి పోదాం. దాన్ని మాటలో లేకుండా చేసినావని నువ్వే చెప్పాల. నేను పక్కన కూర్చుంటాను," అంది.

ఆ సాయంత్రం జయంతి డైరీలో కిందటి వారం బుధవారం పేజీ తీసింది. చింపలేదు. 'చాలాసేపు మాట్లాడాము' అన్న వాక్యం కింద, ఆ రోజు రాళ్ళ మీద ఎవరెవరున్నారో మూడు పేర్లూ పూర్తిగా రాసింది. దాని కింద నాలుగో పేరు కూడా రాసింది: అన్నమ్మాళ్, ముత్తాత తల్లి.

అమ్మలారా, అక్కలారా, ఇది ఆ ఒక్క ఇంటి కథ అనుకోవద్దు. వయసుకు పెట్టిన ఒక పేరును మనం ఒంటికి తగిలించి, దాన్ని రుజువు చేయమని కూతుళ్ళను గదుల్లోకి పంపుతున్నాము. ఆడపిల్ల ఒళ్ళు ఎవరికీ చూపవలసిన సాక్ష్యం కాదని, ఆమె మాటే చాలని మనం నమ్మనంత కాలం, మనం మొక్కే ప్రతి కన్నె వెనకా మనమే చంపుకున్న ఒక కూతురు ఉంటుంది.